ముద్ర లేని సరంగులు

కొత్తరేవు మండలంలో ఏ పనికైనా మనిషి కరువైతే, తహసీల్దారు కార్యాలయం వెనక గదిలో ఉన్న జన నిర్మాణ విభాగంలో మూడో నంబరు ఫారం నింపి కొత్త మనిషిని తయారు చేయించుకుంటారు. పనివేళలు ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం అయిదు వరకు. భోజన విరామంలో మనుషుల్ని తయారు చెయ్యరు.

ఈ పద్ధతిని శాఖవారు కంప్యూటర్ల నుంచి తెచ్చారు. జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో ఒకే అచ్చు నుంచి ఎన్ని వస్తువులనైనా పుట్టిస్తారనీ, ఆ అచ్చును కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్ అంటారనీ, మనుషులకు కూడా అది బాగానే పనిచేస్తున్నదనీ గోడకు అంటించిన కరపత్రంలో ఉంది. ఇక్కడ దాన్ని మూడో నంబరు ఫారం అంటారు. అందులో ఖాళీలు మూడే. ఈ వ్యక్తి పేరు, ఈ వ్యక్తి వయసు, ఈ వ్యక్తి వృత్తి.

ముందుగా ఫారం నెత్తిన 'కొత్త' అనే రబ్బరు ముద్ర వెయ్యాలి. ముద్ర పడగానే గదిలో ఉన్న చెక్క బల్ల మీద పేరూ ఊరూ లేని ఖాళీ మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. ఆ తర్వాత ఫారంలో 'ఈ వ్యక్తి' అని ఉన్నచోటల్లా బల్ల మీద ఉన్నవాడనే అర్థం. రాసిన పేరు అతనికి పడుతుంది, రాసిన వయసు అతనికి వస్తుంది. ముద్రతోపాటే అతని కుడిచేతి మణికట్టుకు ఒక పసుపు దారం కూడా వచ్చి ఉంటుంది. దాని రెండో కొస గోడకున్న ఉమ్మడి పుస్తకంలోకి పోతుంది. పడవ నడిపే సరంగులకొక పుస్తకం, నర్సులకొక పుస్తకం, లైన్‌మన్లకొక పుస్తకం. పనితనం ఎవరి ఒంట్లోనూ ఉండదు, పుస్తకంలో ఉంటుంది. కావలసినప్పుడు దారం వెంట వస్తుంది. అందుకే పుస్తకంలో ఒక్క మాట చేర్చినా ఆ తెగ మొత్తానికి అదే క్షణంలో వచ్చేస్తుంది. రెండేళ్ల కిందట సరంగుల పుస్తకంలో 'రేవు దగ్గరపడగానే కేక వెయ్యవలెను' అని ఒక వాక్యం రాశారు. ఆ ఉదయం పదకొండు గంటలకు జిల్లాలో ఉన్న సరంగులందరూ ఒక్కసారి కేక వేశారు. అప్పటికి భోజనాలు చేస్తున్నవారు కూడా వేశారు.

అన్నీ అయ్యాక మనిషిని బయటికి పంపమని ప్రత్యేకంగా ఉత్తర్వు అక్కర్లేదు. తనే లేచి కౌంటరు దగ్గరికి వస్తాడు.

ఆ విభాగంలో గుమాస్తా చిట్టూరి సోమలింగం. భక్తుడు, ఎవరికీ చెడు తలపెట్టని మనిషి. పద్దెనిమిదేళ్లలో రెండు వందల పన్నెండు మందిని తయారుచేసినా, అది తన గొప్ప అని ఒక్కనాడూ అనుకోలేదు. ప్రతి ముద్రకూ ముందు గోడమీది దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, అసలు పనివాడివి నువ్వు, నేను ముద్ర పట్టుకునేవాణ్ణి అని మనసులో చెప్పుకుంటాడు. వర్జ్యంలో సిరాబుడ్డి మూత కూడా తియ్యడు.

అతని కౌంటరు ముందుకు ఏప్రిల్ నెలలో ఒక గురువారం కొప్పిశెట్టి బేబీసరోజిని అర్జీ వచ్చింది. సరోజినిది నదికి అవతల ఉన్న చినపేరులంక. అంగన్‌వాడీలో ఆయా. పంతొమ్మిదేళ్లుగా పప్పు ఉడకబెట్టి, పిల్లల ముక్కులు తుడిచి, టీచరు సెలవు పెట్టిన రోజుల్లో పాటలు కూడా తనే పాడింది. ఇప్పుడు ఆ టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. అది సరోజినికి రావాలంటే పదో తరగతి పాసై ఉండాలి, నలభై అయిదు దాటకూడదు. ఆమెకు నలభై నాలుగు నిండాయి. అంటే పరీక్ష ఇదొక్కసారే. సోమవారం నుంచి మొదలు, ఆరు రోజులు, ఉదయం తొమ్మిదిన్నరకు ఇవతలి ఒడ్డున కొత్తరేవు హైస్కూల్లో.

లంకకు సరంగు లేడు. పాత సరంగును ఫిబ్రవరిలో వేరే రేవుకు బదిలీ చేశారు. ఎగువ జిల్లా పాలకేంద్రం వారి మోటారు పడవ ఒకటి ఉంది గానీ, అది మధ్యాహ్నం ఒంటిగంటకు లంక నుంచి క్యాన్లు ఎక్కించుకుని సాయంత్రం నాలుగున్నరకు ఖాళీ క్యాన్లు దింపుతుంది. ఆ వేళ మారదు. ఇవతలి ఒడ్డున మకాం పెడదామంటే సరోజినికి మంచాన పడ్డ అత్తగారూ, రెండు పాడి గేదెలూ ఉన్నాయి. లంకలో మరొకరెవరైనా గెడ వెయ్యొచ్చు కదా అంటే, ముప్ఫై ఏళ్లుగా సరంగులు కార్యాలయం నుంచి వస్తున్నందువల్ల పడవ నడపడం ఎవరూ నేర్చుకోలేదు. నేర్చుకోవడం అర్జీని అవమానించినట్టవుతుందని కూడా కొందరి అభిప్రాయం.

అందుకని ఆమె పాల పడవలో అర్జీ పంపింది. పేరు పెమ్మాడి గంగరాజు, వయసు ముప్ఫై ఎనిమిది, వృత్తి సరంగు. పేరు తనే ఎంచింది. గంగ మీద పనిచేసేవాడికి బాగుంటుందనుకుంది.

సోమలింగానికి అర్జీలో ఏ లోపమూ కనిపించలేదు. లోపం పంచాంగంలో ఉంది. బుధవారమే గురు మౌఢ్యం వచ్చింది. ఇంకా ఇరవై ఆరు రోజులుంటుంది. మూఢంలో పెళ్లిళ్లుండవు, శంకుస్థాపనలుండవు, కొత్తగా ఏదీ మొదలుపెట్టరు. అలాంటప్పుడు కాగితం నెత్తిన 'కొత్త' అని ముద్ర ఎలా వెయ్యడం? వెయ్యకపోతే పాపం ఆవిడ పరీక్ష పోతుంది. మూడు గంటల దాకా ఆలోచించి ఆయన ఒక దారి కనిపెట్టాడు. పనంతా చేసి, ముద్ర ఒక్కటీ మానేస్తే మనిషీ వస్తాడు, శాస్త్రమూ దక్కుతుంది. మూఢం వెళ్లాక మంచిరోజు చూసి ముద్ర వేసుకోవచ్చు. ఇల్లు ముందు కట్టేసుకుని గృహప్రవేశం తర్వాత చేసుకున్నట్టే కదా అని సమాధానపడి, మూడు గంటల పది నిమిషాలకు ముద్ర లేకుండా ఫారం నడిపించేశాడు.

బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. కానీ ఫారం ఆగలేదు. బల్ల ఖాళీగా ఉన్నప్పుడు 'ఈ వ్యక్తి' అంటే మండలమంతా అని నిర్మాణ నియమావళిలో పద్నాలుగో నిబంధన ఉంది. అది చిన్న అక్షరాల్లో ఉంది.

మూడు గంటల పదకొండు నిమిషాలకల్లా కొత్తరేవు మండలంలో ఉన్న యాభై మూడు వేల ఎనిమిది వందల పద్నాలుగు మందీ పెమ్మాడి గంగరాజు, ముప్ఫై ఎనిమిదేళ్లు, సరంగు అయ్యారు. తహసీల్దారు అయ్యాడు. హోటల్లో ఇడ్లీలు వేసే అతనూ, ఆ ఇడ్లీలు తింటున్నవారూ అయ్యారు. ఉయ్యాలల్లో పిల్లలు అయ్యారు. లంకలో గేదెకు కుడితి పెడుతున్న సరోజిని అయింది. రేషను కార్డుల మీదా, గుమ్మాల పక్క పలకల మీదా, పరీక్ష హాల్ టికెట్ల మీదా పేరు దానంతటదే మారింది. ఫారంలో ముఖం అనే ఖాళీ లేదు కనక ముఖాలు మాత్రం ఎవరివి వారికే మిగిలాయి. చదివేవారి సౌకర్యం కోసం ఇక్కడ పాత పేర్లే వాడటం జరిగింది.

మొదటి రోజు ఊళ్లో పెద్ద గందరగోళం ఏమీ కలగలేదు. ఎవరినైనా పిలిస్తే అందరూ పలికేవారు, అంతే. భార్యాభర్తలు ఎప్పుడూ ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోలేదు కాబట్టి ఇళ్లలో తేడా తెలియలేదు. అంగన్‌వాడీ పిల్లలందరికీ ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చినందువల్ల గుడ్లకు అర్హత పోయే ప్రమాదం ఏర్పడింది. జిల్లా నుంచి వెంటనే 'మూడడుగుల లోపు ఎత్తుగల సరంగులు' అనే ప్రత్యేక తరగతిని మంజూరు చేస్తూ ఉత్తర్వు రావడంతో అదీ తీరింది.

శుక్రవారం పొద్దున రేవు దగ్గర జనం చేరారు. మండలమంతా సరంగులే అయినప్పుడు లంకవాళ్లు దాటలేకపోవడం బాగుండదని తహసీల్దారు స్వయంగా గెడ పట్టుకుని పడవ ఎక్కాడు. పడవ మూడు చుట్లు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది. డాక్టరు ఎక్కాడు, ఎల్.ఐ.సి. ఏజెంటు ఎక్కాడు. అందరికీ అదే జరిగింది. పేరు ఉంది, హోదా ఉంది, చేతిలో గెడ కూడా ఉంది. ముద్ర పడలేదు కనక మణికట్టుకు దారం లేదు. దారం లేదు కనక పుస్తకంలోని పని ఎవరికీ రాలేదు. ఈ సంగతి అర్థమయ్యాక ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. పెద్ద పెద్ద కార్యాలయాల్లో ఇలాగే ఉంటుందని తహసీల్దారు చెబితే అందరికీ కుదుటపడింది.

ఆ మధ్యాహ్నం సరోజిని పాల పడవలో వచ్చి సోమలింగం ఎదుట నిలబడింది. చంకలో గుడ్డసంచి, అందులో లెక్కల పుస్తకమూ, అంగన్‌వాడీ జననాల రిజిస్టరూ ఉన్నాయి. సోమలింగం ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. జరిగినదంతా దాచకుండా చెప్పి, ఇంకో ఇరవై అయిదు రోజులు ఓపిక పడితే ముద్ర వేసేస్తానన్నాడు.

"ఓపికంటే ఉందండి. వయసే లేదు," అంది సరోజిని.

ఆ మాటకు ఆయన రికార్డు చూపించాడు. వయసు సంగతి ఇక బెంగ అక్కర్లేదనీ, ఆమెకు ఇప్పుడు ముప్ఫై ఎనిమిదేననీ అన్నాడు.

"మీకూ అంతేగా బాబూ. మరి మోకాళ్ల నొప్పులు తగ్గాయా ఏంటి?"

తగ్గలేదని సోమలింగం ఒప్పుకున్నాడు. ఉద్యోగం మే నెలలో నింపేస్తారనీ, వచ్చే ఏడాది పాసైతే వేరొకరి కింద మళ్లీ పప్పు ఉడకబెట్టుకోవడమేననీ ఆమె నెమ్మదిగా వివరించింది. అప్పుడాయన రెండో అడ్డంకి చెప్పాడు. చినపేరులంక రేవుకు మంజూరైన సరంగు పోస్టు ఒకటి. రికార్డు ప్రకారం ఇప్పటికి ఉన్నవారు యాభై మూడు వేల ఎనిమిది వందల పద్నాలుగు మంది. ఇంకొకరిని అడిగితే పైవాళ్లు నవ్వుతారు.

"ఇంకొకరెందుకండీ. అదే కాగితం. నిన్న మీరు సగంలో ఆపేరు. మిగతా సగం ఇయ్యాల చెయ్యండి," అందామె.

సోమలింగం ఫారం తీసి చూశాడు. ముద్ర లేని ఫారం మూసినట్టు కాదు. ఆ విషయంలో ఆమె మాట నిజమే. ఇక మిగిలింది మూఢం ఒక్కటే. దాని మీద తను నిర్ణయించలేనని, సరోజినిని వెంటబెట్టుకుని రెండు వీధుల అవతల ఉన్న సుబ్బావధాని గారింటికి వెళ్లాడు. ఊళ్లో ముహూర్తాలన్నీ ఆయనే పెడతారు.

అవధాని గారు అరుగు మీద కూర్చుని ఒక గెడను అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు. సోమలింగం సందేహమంతా విని, ఆయన గెడను పక్కన పెట్టారు. తర్వాత తను గురువారం మూడు గంటల పదకొండు నిమిషాల నుంచి సరంగుననీ, మూఢం గురించి తెలుసుగానీ చెప్పే అధికారం లేదనీ అన్నారు. పోనీ నది గురించి అడిగితే, అధికారం ఉందిగానీ ఏమీ తెలియదన్నారు. వద్దని చెప్పేవారు ఇప్పుడు మండలంలో ఎవరూ లేరని కూడా ఆయనే, కొంచెం విచారంగా, గుర్తుచేశారు.

తిరిగి ఆఫీసుకొచ్చాక సోమలింగం కుర్చీలో కూలబడ్డాడు. ముద్ర పెట్టె తాళం ఆయన మొలతాడుకే ఉంది. తాళం ఎవరి దగ్గరుంటే ముద్ర వారిదన్నది నియమావళిలో మొదటి నిబంధన. కాబట్టి హోదా పోయినా పని మాత్రం ఆయనదే. చెయ్యి రావడం లేదు. మూఢంలో కొత్త ప్రాణాన్ని తెచ్చి దాని తలరాత పాడుచేస్తే ఆ పాపం ఎవరిదని ఆయన బాధ.

సరోజిని సంచిలోంచి జననాల రిజిస్టరు తీసి కౌంటరు మీద పెట్టింది. కిందటి మూఢం రోజుల దగ్గర వేలు పెట్టింది. ఆ రోజుల్లో లంకలో నలుగురు పుట్టారు. ఎవరు ఎన్ని కిలోలున్నారో, మొదటి ఏడుపు ఎన్ని గంటలకు విన్నదీ ఆమె చేతిరాతలోనే ఉంది.

"మూఢంలో పురుడు ఆగుద్దా అండీ? ఈ నలుగురికీ ముద్ర ఎవరేశారు? పంచాంగం చూసుకునే వేశాడంటారా?"

సోమలింగం ఆ నాలుగు పేర్లూ ఒక్కొక్కటే చదివాడు. నలుగురూ బాగున్నారా అని అడిగాడు. ఒకడికి దగ్గు తప్పితే అందరూ బాగున్నారని ఆమె చెప్పింది. ఆయన లేచి, కాళ్లు కడుక్కుని వచ్చి, దేవుడి పటం ముందు నిలబడ్డాడు. ఎప్పుడూ చెప్పుకునే మాటే చెప్పుకున్నాడు. అయితే ఈసారి చివర, మూఢంలో నువ్వే సెలవు పెట్టనప్పుడు నేనెవర్ని అని ఒక మాట కలిపాడు. తర్వాత పెట్టె తీసి 'కొత్త' ముద్రను సిరాలో అద్ది ఫారం నెత్తిన వేశాడు.

నాలుగు గంటల రెండు నిమిషాలకు బల్ల మీద ఖాళీ మనిషి కూర్చుని ఉన్నాడు. అతని ముఖం అప్పుడే కడిగిన పళ్లెంలా ఉంది. మొదట పేరు పడింది, తల ఎత్తాడు. వయసు పడింది, కణతల దగ్గర రెండు వెంట్రుకలు నెరిశాయి. వృత్తి పడగానే మణికట్టు దగ్గరి దారం గోడదాకా బిగిసి, అరచేతుల్లో కాయలు లేచాయి. కౌంటరు దగ్గరికి నడిచి వచ్చి కిటికీలోంచి నదివైపు చూశాడు.

"ఇసక మేట ఎడంపక్కకి జరిగిందండి. నీళ్లు తెల్లగున్నాయి," అన్నాడు పెమ్మాడి గంగరాజు.

సరోజిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సోమలింగం తన పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ముద్ర వేసి ఆనందపడటం అదే మొదటిసారి.

సోమవారం ఉదయం ఏడు గంటలకు కొత్తరేవు ఒడ్డు మొత్తం జనంతో నిండిపోయింది. సరంగులందరూ వచ్చారు. అవతలి ఒడ్డు నుంచి పడవ కదిలింది. ముందు ముక్కు మీద గంగరాజు, మధ్యలో క్లిప్పున్న పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకుని సరోజిని, ఆమె వెనక హైస్కూలు పిల్లలు పదకొండు మంది. నడినదిలో ఎదురుగాలి లేచింది. గంగరాజు గెడను కుడి నుంచి ఎడమకు మార్చి, ఒంటి బరువంతా దానిమీద వేసి, పడవ ముక్కును గాలికి ఓరగా తిప్పాడు. పడవ ఒక్క చుట్టు కూడా తిరగకుండా తిన్నగా వచ్చింది. రేవు దగ్గరపడగానే, "రేవండోయ్," అని కేక వేశాడు. ఒడ్డున ఉన్న వేలమంది చప్పట్లు కొట్టారు. తమ వృత్తి ఎంత గొప్పదో వారికి ఆ రోజే తెలిసింది. తహసీల్దారు కళ్లు తుడుచుకుంటూ పక్కవారితో, మనం ఎంత బాగా నడిపామో చూశారా అన్నాడు.

పరీక్షకు పర్యవేక్షకుల్ని పొరుగు జిల్లా నుంచి వేస్తారు. వారు హాజరు పిలిచారు. పెమ్మాడి గంగరాజు అన్నారు. ముప్ఫై నాలుగు మంది లేచి పలికారు. హాల్ టికెట్ల మీద ఫొటోలూ నంబర్లూ సరిపోయాయి. ఒక గదిలో ఒకే పేరుగలవారు ఇంతమంది కూర్చోరాదని ఎక్కడా లేదు కనక కాగితాలు పంచారు. సరోజిని ఆరు రోజులూ పడవలో వచ్చి, ఆరు పరీక్షలూ రాసి, పడవలో వెళ్లి గేదెలకు పాలు తీసింది. మే చివరి వారంలో ఫలితాలు వచ్చాయి. పాసైంది. లెక్కల్లో అరవై ఒకటి. పంతొమ్మిదేళ్లుగా కందిపప్పును తలకు ఇన్ని గ్రాములని లెక్కకట్టిన మనిషికి అది ఎక్కువేమీ కాదని లంకలో అనుకున్నారు. గర్వంతోనే అనుకున్నారు. ఆ రోజు ఇల్లిల్లూ పరమాన్నం వండుకుంది.

సర్టిఫికెట్టు మీద పెమ్మాడి గంగరాజు అని ఉంది. నియామకపు ఉత్తర్వు మీద కూడా అదే ఉంది. పేర్లు వెనక్కి మార్చుకోవడం ఎలాగని కొందరు సోమలింగాన్ని అడిగారు. ఎవరికి వారు విడివిడిగా ఫారం పెట్టుకుని, మళ్లీ మొదటినుంచీ తయారవ్వాలని ఆయన చెప్పాడు. మొదటినుంచీ అంటే ఎవరికీ ఓపిక లేకపోయింది. ముద్ర లేకుండా ఇంకో పేరు నడిపిస్తే మండలమంతా ఆ పేరు మీదికి మారుతుందని కూడా చెప్పాడుగానీ, దానివల్ల లాభం కనిపించలేదు.

సరోజిని టీచరుగా చేరే ముందు రోజు రేవు దగ్గర సభ జరిగింది. ఉత్తమ సరంగు పెమ్మాడి గంగరాజుకు సన్మానం అని జిల్లా నుంచి కాగితం వచ్చింది. అర్హులు యాభై మూడు వేల ఎనిమిది వందల పదిహేను మంది తేలారు. అందరి తరఫునా తహసీల్దారు శాలువా కప్పించుకున్నాడు. ఆ సమయంలో గంగరాజు లంక నుంచి అతిథుల్ని దాటిస్తూ నడినదిలో ఉన్నాడు. తర్వాత సరోజినిని లంకకు తీసుకెళుతూ ఒడ్డున ఆ చప్పట్లేంటని అడిగాడు.

"మీకు శాలువా కప్పారు బాబూ," అంది సరోజిని. అబద్ధమాడటం ఆమెకు రాదు. కాగితం ప్రకారం అది అబద్ధం కాదు.

"బాగుందండి," అని గంగరాజు గెడ వేశాడు. అలాంటప్పుడు ఇంకేమనాలో ఉమ్మడి పుస్తకంలో రాసి లేదు. ఒక వాక్యం రాయిస్తే బాగుండునని సరోజినికి తోచింది. సోమలింగం గారిని అడిగి చూడాలని కొంగు చివర ముడి వేసుకుంది. ఆ ముడి ఇప్పటికీ ఉంది.

టీచరుగా మొదటి రోజు అంగన్‌వాడీ కేంద్రం తాళం తీయగానే ఒక బాలింత వచ్చింది. పేరు చెప్పాలంటే ఆమె కూడా గంగరాజే. చేతుల్లో ఎనిమిది రోజుల ఆడపిల్ల. పేరు నమోదు చేయించడానికి తెచ్చింది. సరోజిని టీచరు కుర్చీలో మొదటిసారి కూర్చుని, పిల్లను తూచి, రెండు కిలోల ఎనిమిది వందలని రాసుకుంది. ఆ పసిది మండలంలో పేరులేని ఒకే ఒక్క మనిషి. కళ్లు తెరిచి దేన్నో చూస్తున్నది. ఏ కార్యాలయం ముద్రా అక్కర్లేకుండా ఇంత కొత్తగా ఎలా వచ్చిందో అని సరోజిని కాసేపు ఆ ముఖంలోకే చూసి, లోపల దణ్ణం పెట్టుకుంది. అప్పుడు కలం తీసి, ఏం పేరు అనుకున్నారని అడిగింది.

"గంగరాజని రాసెయ్యండి. అందరిలాగే ఉంటే రేపెక్కడా అడ్డుండదు," అంది తల్లి.

సరోజిని కలం గాలిలో ఆగింది.

"రేపు పడవ నడపమంటే?"

"నడిపేవోడు ఉన్నాడుగా అండీ."

అదీ నిజమే. నది మీంచి, "రేవండోయ్," అన్న కేక వినిపించింది. సరోజిని తన కొత్త రిజిస్టరు మొదటి పేజీలో, మొదటి గీత మీద, గుండ్రటి అక్షరాలతో పెమ్మాడి గంగరాజు అని రాసి, కింద తన పేరు కూడా పెమ్మాడి గంగరాజు అని సంతకం చేసింది. రెండూ చాలా అందంగా వచ్చాయి.